ఏడో అంశం పక్కన స్టార్ గుర్తు

కూర్చోండి మేడం పిలుస్తాం అన్నారు, కూర్చున్నాను, మూడింటికి రమ్మని మూడుంబావు దాటినా తలుపు తెరవలేదు, లోపల ఏసీ చప్పుడు, చాయ్ కప్పుల చప్పుడు, ఎవరో నవ్వుతున్నారు కూడా, నవ్వుతారు, ఎందుకు నవ్వరు, రెండేళ్ళు చదివిన పిల్లకి సున్నా పెట్టి ఇంటికి పంపినవాళ్ళకి నవ్వు రాక ఏడుపొస్తుందా. నా ఒళ్ళు మాత్రం మండిపోతోంది. ఈ బల్ల ఒకటి, దీనికి మూడు కాళ్ళే సరిగ్గా ఉన్నాయి, కదిలితే చాలు టక్కుమంటుంది. మనుషుల మనసుల గురించి పాఠాలు చెప్పే డిపార్ట్‌మెంట్ ఇది, ఎదురుచూసే మనిషికి ఊగని బల్ల వేయాలన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఇక్కడ పదకొండేళ్ళుగా పాఠం చెబుతున్నాను, పదకొండేళ్ళూ కాంట్రాక్టే, ఈ బల్ల మీద ఇలా కూర్చోవడం కూడా పదకొండేళ్ళ అలవాటే. కాంపౌండ్ గోడ అవతల మాణికేశ్వర్ నగర్‌లో ఎవరిదో ప్రెషర్ కుక్కర్ కూత, ఈ వేళప్పుడు ఎవరు వండుతున్నారో, ఎండ వరండా మెట్ల దాకా వచ్చేసింది, ఒళ్ళో కాగితం మీద నా అరచేతి తడి అంటుకుంటోంది.

ప్రవళిక ప్రాక్టికల్ మార్కుల కాగితం ఇది. కౌన్సెలింగ్ చదివే పిల్లలందరికీ చివరి సెమిస్టర్‌లో గ్రూప్ వర్క్ ఉంటుంది, ఎనిమిది మందిని కూడగట్టి ఎనిమిది వారాలు కూర్చోబెట్టి మాట్లాడించాలి, వాళ్ళు ఒప్పుకుంటే మాటలు రికార్డు చేయాలి, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అందులో ఒక రోజుది విని ఇరవై అంశాల మీద మార్కులు వేస్తారు. పంతొమ్మిదింటిలో ఈ పిల్లకి మంచి మార్కులే వచ్చాయి, ఏడోదాంట్లో సున్నా. ఏడో అంశం పక్కన స్టార్ గుర్తు ఉంది. స్టార్ ఉన్నదాంట్లో సున్నా వస్తే మిగతావన్నీ ఎన్ని వచ్చినా ఫెయిలే, ఏడాదంతా మళ్ళీ చదవాలి. మౌలాలిలో ఒక స్కూలు ఈ పిల్లని కౌన్సెలర్‌గా తీసుకుంది, సోమవారం పొద్దున పాస్ మెమో పట్టుకుని రమ్మన్నారు, ఈరోజు శుక్రవారం. నిన్న ఫోన్ చేసింది. "మేడం, నేను ఏం తప్పు చేసిన? అది ఒక్కటి చెప్పుండ్రి, నేను ఏడువ," అంది. ఏడవనని చెప్పి ఏడ్చే పిల్లలని చాలామందిని చూశాను, ఇది నిజంగానే ఏడవలేదు, జవాబు కోసం ఆగింది. ఇలా ఆగడం నేర్పింది నేనే, ఎదుటి మనిషి నోరు విప్పేదాకా నీ నోరు మూసుకో, మౌనాన్ని మాటలతో పూడ్చకు అని రెండేళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను, ఇప్పుడు నా మీదే వాడింది, హెడ్ గారితో మాట్లాడతానమ్మా అని పెట్టేశాను.

ఏం తప్పు చేసింది మరి. తాగే మొగుళ్ళతో వేగే ఆడవాళ్ళని ఎంచుకుంది, అదే కష్టమంటే మాణికేశ్వర్ నగర్‌లో ఎంచుకుంది, మన గోడ పక్కనే ఉన్నా మన గేటులోంచి ఎన్నడూ లోపలికి రాని ఆడవాళ్ళని. మొదటి మూడు వారాలు కమ్యూనిటీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసింది, మధ్యలో ఏమీ లేకుండా, ఒకరి ముఖం ఒకరికి కనబడేలా, నేను బోర్డు మీద గీసి చూపించినట్టే. ఎనిమిది మంది కొంగులు కప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చినట్టు కూర్చున్నారు. ఎట్లున్నరమ్మా అంటే మంచిగనే ఉన్నం. ఇంట్ల ఎట్లున్నది అంటే ఇంట్ల గూడ మంచిగనే ఉన్నది. మూడు వారాల రికార్డింగులూ విన్నాను, ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నాలుగో వారం ఒక్కరూ రాలేదు. పిల్ల వెతుక్కుంటూ లింగమ్మ ఇంటికి పోతే అందరూ అక్కడే ఉన్నారు, వాకిట్లో గోనెపట్టా పరుచుకుని, క్యాటరింగ్ వాళ్ళు పంపిన వెల్లుల్లి, వాళ్ళు ఎల్లిగడ్డ అంటారు, కుప్ప పోసుకుని పొట్టు తీస్తున్నారు, సాయంత్రానికి ఒలిచి ఇవ్వాలట. లింగమ్మ చాటని పక్కకి జరిపింది. "గీడ కూసో బిడ్డా. చేతులు ఊకె పెట్టుకోని కూసుంటె మాకు నోరు రాదు," అంది. ప్రవళిక కూర్చుంది. తనూ ఒలిచింది. అక్కడే మిగతా ఐదు వారాలూ జరిగాయి.

ఆరో వారం రికార్డింగ్ నాకు కంఠతా వచ్చు. చాటలో పాయలు పడుతున్న చప్పుడు, ఎవరిదో దగ్గు, కోడి ఒకటి, నల్లా నీళ్ళు వచ్చాయని ఎవరో అరవడం. లింగమ్మ ఏదో కూర గురించి చెబుతూ చెబుతూ, గొంతు ఏమీ మార్చకుండా, "మౌలాలి గుట్టకు పోయి మొక్కిన. గీయన సావాలని మొక్కిన. ఆయన సావలే. పాపమైతె నాకు అంటింది," అంది. తర్వాత మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. మూడు నిమిషాలంటే మాటలు కాదు, కౌన్సెలింగ్ నేర్చుకునే పిల్లలకి ముప్పై సెకన్ల మౌనం కూడా నిప్పుల మీద నడిచినట్టు ఉంటుంది, వెంటనే అయ్యో అంటారు, బాధపడకండి అంటారు, టిష్యూ కాగితం చేతిలో కుక్కుతారు, అది ఇస్తే ఇక ఏడవడం ఆపమని చెప్పినట్టేనని ఎంత చెప్పినా వినరు. ఈ పిల్ల కదల్లేదు. పాయలు పడుతున్న చప్పుడే. అప్పుడు కాశమ్మ, "నేను గూడ మొక్కిన. నేను ఏడుపాయల అమ్మవారి కాడ. నీ ఒక్కదానికే అంటిందా పాపం," అంది. మళ్ళీ ఒక నిమిషం. అప్పుడు ప్రవళిక, మెల్లగా, "ఇంకెవరన్న మొక్కిన్రా?" అని అడిగింది. ముగ్గురు చేతులెత్తారట, వేళ్ళకి పొట్టు అంటుకుని ఉన్న చేతులు. ఆ తర్వాత వచ్చింది నవ్వు, ఎనిమిది మంది ఆడవాళ్ళ నవ్వు, ఏడుపు కలిసిన నవ్వు, లింగమ్మదైతే ఆగనే ఆగలేదు. పుస్తకాల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి, గ్రూపులో ఒక మనిషికి నేనొక్కదాన్నే కాదని తెలిసే క్షణం, నేను పదకొండేళ్ళుగా బోర్డు మీద రాసి చెరిపేస్తున్నది. బోర్డు బయట దాన్ని నిజంగా విన్నది అప్పుడే, నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, సిగ్గెందుకు చెప్పుకోవడానికి.

దానికి సున్నా. సభ్యులు చేతిపనిలో ఉన్నారు, నాయకురాలు కూడా చేతిపనిలో ఉన్నది, అంశం ఏడు పాటించలేదు, అంతే, ఒకటిన్నర లైను. పొద్దున తార్నాక మెట్రో మెట్లు దిగుతుంటే ఎగ్జామినర్ మహేశ్వరి గారు ఎదురుపడ్డారు, మంచి చీర, మంచి బ్యాగు, నవ్వి, "మంచి అమ్మాయేనండీ, కానీ అది సెషన్‌లా లేదు, వంటింటి ముచ్చటలా ఉంది," అన్నారు. వంటింటి ముచ్చట! ఈ దేశంలో ఆడవాళ్ళ కడుపులో దుఃఖం అంటూ బయటికి వచ్చింది ఎక్కడట, సెమినార్ హాల్లోనా, చెప్పండి. గింజలు ఏరుతూ చెప్పుకున్నారు, కూర తరుగుతూ చెప్పుకున్నారు, బట్టలు పిండుతూ చెప్పుకున్నారు. ఇదంతా లోపలికి పోయి అడుగుతాను, ఒక్క మాట మిగల్చను, నిన్నటి నుంచి వరసగా పేర్చుకుంటున్నాను. నేను మాత్రం ఎక్కడ చెప్పుకున్నాను. నా ట్రైనింగ్ రోజుల్లో ఇలాగే గుండ్రంగా కూర్చోబెట్టి, జ్యోతిర్మయీ నీ సంగతి చెప్పు అని పద్దెనిమిది కళ్ళు నా వైపు తిప్పితే, బాగున్నాను సార్ అన్నాను. అప్పటికి నా పెళ్ళి అయి ఏడాది, బాగుండటం అంటే ఏమిటో మర్చిపోయి పది నెలలు. ఆ తర్వాత తార్నాకలో వాసంతి అక్క వాళ్ళ మేడ మీద ఉతికిన చీరలు మడతపెడుతూ చెప్పాను. అక్క రెండు చెంగులు, నేను రెండు చెంగులు, దగ్గరికి వచ్చి చెంగులు అందించి మళ్ళీ వెనక్కి. మూడో చీర దగ్గర, "అక్కా, నేను ఇంక ఆ ఇంటికి పోను," అన్నాను. అక్క నా ముఖం చూడలేదు. చీర అంచు సరిచేసి, "సరే, ఈ కొస పట్టుకో," అంది. అంతే. అక్క ఆ పూట నా ముఖంలోకి చూసి ఉంటే మళ్ళీ బాగున్నాను అనేదాన్ని, ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉండేదాన్ని.

ఇవన్నీ తెలిసిన మనిషిని నేను. అందుకే నిన్న సాయంత్రం లింగమ్మ వాకిటికి వెళ్ళినప్పుడు, ఏమని వెళ్ళానో నాకే తెలియదు, సాక్ష్యాల కోసమా, ఓదార్పు కోసమా, నాకు కూడా ఒక గుప్పెడు ఎల్లిగడ్డ పోస్తే వద్దనలేదు. "మేడంవైతె ఏంది, కూసో," అంది. వేళ్ళ గోళ్ళలో ఇంకా ఆ ఘాటు పోలేదు, మూడుసార్లు సబ్బు పెట్టి కడిగినా. ప్రవళిక ఫెయిలయిందని విని లింగమ్మ చేతులు ఆగిపోయాయి. "ఎందుకు? మేము మంచిగ మాట్లాడలేదనా?" అని అడిగింది, పాపం, తప్పు తనదేనేమోనని. కాదమ్మా, మాట్లాడేటప్పుడు చేతులు ఖాళీగా ఉండాలని రూల్ ఉంది అన్నాను. లింగమ్మ కాశమ్మ వైపు చూసింది, ఇద్దరూ పకపకా నవ్వారు. "ఎవ్వలు రాసిన్రు గది? ఉత్త చేతులతోని ఎన్నడన్న ఏడ్సిన్రా గది రాసినోళ్ళు?" అంది. ఎవరో రాశారమ్మా అన్నాను నేను.

ఎవరో. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట నా నోట్లోంచి. నిన్నటి నుంచి ఈ కాగితాన్ని కింద సగం వెనక్కి మడిచి పట్టుకుంటున్నాను, అది కూడా నాకు తెలుసు, ఇప్పుడు ఈ బల్ల టక్కుమన్నప్పుడల్లా మడత విప్పుకుంటోంది. విప్పుకోనీ. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో, రూపకల్పన జ్యోతిర్మయి. ఏడో అంశం రాసింది నేను. స్టార్ పెట్టింది నేను. గొయ్యి తీసింది నేను, పడింది ఆ పిల్ల, నేను గట్టున నిలబడి మహేశ్వరి గారి చీర మీద కోపం తెచ్చుకుంటున్నాను. తొమ్మిదేళ్ళ కింద, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు, క్లాసులోనే గుండ్రంగా కూర్చుని ప్రాక్టీసు చేస్తుంటే స్నిగ్ధ అనే అమ్మాయి వాళ్ళ తమ్ముడు చెరువులో పోయిన సంగతి మొదటిసారి చెబుతోంది, పక్కనే సాత్విక్ అనే పిల్లాడు తొడ కింద ఫోన్ పెట్టుకుని క్రికెట్ స్కోరు చూస్తున్నాడు, ఆ పిల్ల అది చూసింది, మధ్యలో ఆగిపోయింది, తర్వాత రెండేళ్ళలో మళ్ళీ నోరు విప్పలేదు. ఆ రోజు కూడా ఇలాగే ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే కూర్చుని ఈ ఇరవై అంశాల జాబితా రాశాను. సెషన్‌లో ఫోన్లు పక్కన పెట్టాలి అని రాస్తే సరిపోయేది. కానీ ఫోన్లు పక్కన పెట్టాలి అనేది యూనివర్సిటీ కాగితం మీద బాగుండదనిపించింది, బడిపంతులు చెప్పినట్టు ఉంటుందని. అందుకని, సెషన్ సమయమంతా సభ్యుల చేతులు ఖాళీగా ఉండాలి, అని రాశాను, ఎంత గంభీరంగా ఉందో చూసుకుని మురిసిపోయాను, పక్కన స్టార్ పెట్టాను. మా అక్క మేడ మీద చీరలు నా తలలోకి రానే లేదు. చదువుకున్నదాన్ని కదా.

అక్కడితో ఆగితే బాగుండు. పొద్దున మెట్రో మెట్లు దిగి ఎడమవైపు దారి ఉండగా కుడివైపు తిరిగి, సిగ్నల్ రెండుసార్లు పడేదాకా ఎండలో నిలబడి రోడ్డు దాటాను, రోజూ అంతే దాటుతాను. ఎడమవైపు సంజీవ్ మొబైల్ షాపు ఉంది. నాలుగేళ్ళ కింద నా స్టూడెంట్. గోల్నాకలో ఆటోడ్రైవర్లని కూడగట్టాడు, వాళ్ళతో గ్రూపు పెట్టడం ఎవరి తరమూ కాదన్నారు, పెట్టాడు. వాళ్ళ చేతుల్లో చాయ్ గ్లాసులున్నాయి. ఆ ఏడాది బయటి ఎగ్జామినర్ రాకపోతే మార్కులు వేసింది నేనే. "మేడం, గ్లాసు కింద పెట్టుమంటె ఆళ్ళు లేసి పోతరు. గ్లాసు ఉన్నదంక ఉంటరు," అన్నాడు. రూలంటే రూలే సంజీవ్, నీ ఒక్కడి కోసం మార్చలేను అన్నాను. మళ్ళీ ఏడాది ఫీజు కట్టి చదవలేదు, మానేశాడు. పోయిన సంవత్సరం తెలియక ఆ షాపులోకి వెళ్ళాను, ఫోన్ అద్దం పగిలితే. నమస్తే మేడం, మంచిగున్నరా అన్నాడు, స్టూల్ తుడిచి వేశాడు. కొత్త గ్లాసు అంటించి, కింద బుడగలు లేకుండా గుడ్డతో నెమ్మదిగా నొక్కుతూ, తల ఎత్తకుండా, "గ్రూపులు ఇంక నడుస్తున్నయా మేడం?" అని అడిగాడు. చేతిలో పని ఉంది కాబట్టి అడగగలిగాడు. నా చేతులు ఖాళీగా ఉన్నాయి, ఆఁ నడుస్తున్నాయి అని డబ్బులిచ్చి వచ్చేశాను. అప్పటి నుంచే కుడివైపు.

బ్యాగులో ఒక ఉత్తరం ఉంది, సంతకం కూడా పెట్టాను. హెడ్ సుందరరావు గారే నిన్న ఫోన్‌లో చెప్పారు, "అమ్మాయి అనుభవం లేక నియమం తప్పింది, ఈసారికి మన్నించాలి అని రెండు ముక్కలు రాసివ్వండి జ్యోతిర్మయి గారూ, పాస్ చేసేద్దాం, అందరికీ బాగుంటుంది." అందరికీ బాగుంటుంది, నిజమే. ప్రవళిక సోమవారం స్కూల్లో ఉంటుంది. జాబితా అలాగే ఉంటుంది. వచ్చే నెల నా పర్మనెంట్ పోస్టుకి ఇంటర్వ్యూ, ఆ ఫైలులో మొదటి కాగితం ఈ జాబితాయే, నాలుగు కాలేజీలు వాడుతున్నాయని గొప్పగా రాసుకున్నాను. ఒక్క ఉత్తరంతో అన్నీ సర్దుకుంటాయి, ఆ పిల్ల తప్పు చేసిందని నేను రాసివ్వడం తప్ప. ఏం తప్పు చేసిన అని ఆగింది కదా ఫోన్‌లో, దానికి జవాబు ఈ ఉత్తరం అవుతుంది, అనుభవం లేక. అనుభవం లేనిది దానికా! నేను ఆ గోనెపట్టా మీద ఐదు వారాలు కూర్చోగలిగేదాన్నా, నన్ను చూస్తేనే వాళ్ళు కొంగులు సర్దుకుంటారు. తూ, నా బతుకు. ఇంత కోపం మహేశ్వరి గారి మీద, సుందరరావు గారి మీద, ఈ మూడు కాళ్ళ బల్ల మీద పోస్తూ కూర్చున్నాను, పోయాల్సిన చోట తప్ప.

"మేడం, పిలుస్తున్నరు," అటెండర్ రాజన్న. నా ముఖం చూసి, "నీళ్ళు తాగుతరా?" అన్నాడు. వద్దన్నాను.

లోపల చల్లగా ఉంది. టేబుల్ మీద బిస్కట్ ప్లేటు, మహేశ్వరి గారి ఎర్ర పెన్ను, పక్కన నా ఫైలు, దాన్ని కూడా ఎందుకు తెప్పించారో అర్థమవుతూనే ఉంది. సుందరరావు గారు చెయ్యి చాపారు, ఉత్తరం కోసం. నేను బ్యాగు తెరవలేదు. ఏడో అంశం రాసింది నేను సార్, అది తప్పు, ఫోన్ల గురించి రాయబోయి చేతుల గురించి రాశాను, ప్రవళిక చేసిందే సరైనది అన్నాను. నిలబడే అన్నాను. పేర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. మహేశ్వరి గారు పెన్ను కింద పెట్టారు. నవ్వుతారనుకున్నాను. "తప్పనిసరి అని ఆ స్టార్ లేకపోతే నేను సున్నా వేసేదాన్ని కాదండీ. నాకు రికార్డింగ్ విన్నాక రెండు రోజులు లింగమ్మ గొంతే వినపడింది. కానీ మీరు రాసిన రూలు కదా, ఏదో ఆలోచించే పెట్టి ఉంటారనుకున్నాను," అన్నారు. నన్ను ఇంత మర్యాదగా ఎవరూ చెంపదెబ్బ కొట్టలేదు.

సుందరరావు గారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. తర్వాత ప్రవళిక కాగితం లాక్కుని ఏడో అంశాన్ని, స్టార్‌ని కలిపి ఒకే గీతతో కొట్టేశారు, పక్కన సంతకం పెట్టారు, మహేశ్వరి గారికి జరిపితే ఆవిడా పెట్టారు. నేనూ పెట్టాను. నా ఫైలు తీసి సొరుగులో పెట్టి, "ఇది ఇప్పుడు తొందర లేదు లెండి, తర్వాత చూద్దాం," అన్నారు. సరే అన్నాను. ఆయన లేవబోతూ, మినిట్స్‌లో రాయడానికి కాబోలు, తేలిగ్గా, లేదనే జవాబు ముందే తెలిసినవాడిలా అడిగారు. "ఈ అంశం మీద ఇంతకుముందు ఎవరూ ఫెయిల్ కాలేదు కదా?"

రెండు చేతులూ టేబుల్ మీద పెట్టాను. ఏసీ గదిలో కూడా ఎల్లిగడ్డ వాసన నాకు తెలుస్తూనే ఉంది.

"అయ్యాడు సార్. ఒకడు. సంజీవ్. ఫెయిల్ చేసింది నేనే, రాసుకోండి," అన్నాను. "రాజన్నా, నాలుగేళ్ళ కింది ఫైళ్ళ బీరువా తాళం పట్టుకురా."